ఊక బూడిద, కాస్టిక్ సోడా, తగినంత కోపం

సిద్దిపేట,
శనివారం.

నాచారం గ్రామీణ రసాయన సలహా కేంద్రంల కుర్చీలేసుకొని కూసున్న పెద్దలకు,

స్వచ్ఛజల సాధన సమితి అధ్యక్షుడు చిలువేరు ఓంప్రకాశ్ సూటిగ అడిగేది ఏందంటే: మీ కరపత్రం మా అమ్మ అన్నం వండే గంజును తిన్నది. దీనికి జవాబుదారు ఎవరు?

మొదటికెళ్లి చెప్త. మార్కెట్ యార్డు మేళాల మీ స్టాలుకాడ ‘ఊక బూడిదతో జియోలైట్’ అని ఒక కరపత్రం పంచిన్రు. నేను కరపత్రం ఏది దొరికినా ఇడిచిపెట్ట. కార్మిక చట్టాలది, మోకాళ్ల నొప్పులది, వానపాముల ఎరువుది, అన్నీ చదివిన. డిగ్రీ సగంల ఆపిన గని చదువు ఆపలే. మీ దాంట్ల ఏమున్నది? రైసుమిల్లు ఊక బూడిద, కాస్టిక్ సోడా, అల్యూమినేట్ పొడి నీళ్లల్ల కలిపి కాగవెడితే జియోలైట్-ఎ అనే తెల్లపొడి వస్తదట. దాన్ని బోరు నీళ్లల్ల వేస్తే నీళ్లల్ల ఉన్న సున్నాన్ని పట్టుకుంటదట.

మాకు గదే కావాలె. మా నాయిన సిద్ధయ్య చేనేత సొసైటీ షెడ్డుల నూలుకు రంగులేస్తడు. గొల్లభామ చీరెల నూలు. బోరు నీళ్లల్ల సున్నం ముదిరి నూలు చిలపలకు రంగు మరకలు మరకలుగ పట్టవట్టింది. సొసైటీ అధ్యక్షుడు వెంకటనర్సయ్య ‘దసరా లోపట రంగు ఒక్క తీరుగ పట్టకపోతే షెడ్డుకు తాళమేద్దాం, రంగేసిన నూలే బయటికెళ్లి తెచ్చుకుందాం’ అన్నడు. షెడ్డు మూస్తే నాయిన మళ్ల భివండి మిల్లులల్ల పనికి పోతడు. పోత అని నోటితోని చెప్పలే. అటక మీది సంచి దించి దులిపిండు. మా ఇంట్ల గదే చెప్పుడు.

అందుకని నేను మీ కరపత్రాన్ని నమ్మి సిల్వర్ గంజుల అన్నీ కలిపిన. బుసబుస పొంగింది. విజ్ఞానం అంటే గిట్లనే ఉంటది కావచ్చు అనుకొని కట్టెతోని ఇంకింత జోరుగ కలియవెట్టిన. గంజు అడుగుకు చిల్లువడ్డది. కారిపోంగ మిగిలిన ముద్దను ఎండవెట్టి ఈ పొట్లంల పంపుతున్న. పరీక్ష చేసి నిజం చెప్పుండ్రి.

ఫోన్ చెయ్యరాదా అంటరేమో. చెయ్య. ఫోన్ల మాట గాలికి పోతది, కాగితం మీది మాట కోర్టుకు పోతది. ఇది కూడ కరపత్రంల చదివిందే.

నిలదీతలతో,
చి. ఓంప్రకాశ్

తా.క.: గంజు అంచు మాత్రం చెదరకుంట ఉన్నది. అమ్మ దాన్ని నేను అన్నం తినే జాగకు ఎదురుగ గోడకు తగిలేసింది. రోజూ నన్ను ఒక్క కన్నుతోని చూస్తున్నట్టే ఉంటది.


నాచారం,
బుధవారం.

శ్రీ ఓంప్రకాశ్ గారికి,

నమస్కారం. మీ ఉత్తరం, ఉత్తరంతో పాటు పొట్లం అందాయి. ఆ ముద్దను ఎక్స్-రే కింద పెట్టి చూశాం. జియోలైట్ జాడ లేదు. అల్యూమినియం మాత్రం పుష్కలంగా ఉంది. కాబట్టి మీ అమ్మగారికి ధైర్యం చెప్పండి, గంజు ఎక్కడికీ పోలేదు, మా దగ్గరికే క్షేమంగా చేరింది.

మనం సిల్వర్ గంజు అని పిలిచేది నిజానికి అల్యూమినియమే. కాస్టిక్ దాన్ని కరిగించేస్తుంది. మీరు చూసిన ఆ బుసబుస మండే వాయువు. పక్కనే పొయ్యి వెలుగుతూ ఉండి కూడా మీరు ఈ ఉత్తరం రాయగలిగారంటే అది మీ అదృష్టం, మా అదృష్టం కూడా. కరపత్రంలో ‘స్టీలు పాత్ర’ అని నాలుగో పేజీలో వేశాం. మొదటి పేజీలో వేయాల్సింది. అది మా తప్పే, ఒప్పుకుంటున్నాను.

ఇక అసలు సంగతి. జియోలైట్ అంటే ఏం కలిపామన్నది సగమే. ఎంత వేడి, ఎంత సేపు, కాస్టిక్ ఎంత గాఢం, కాగేటప్పుడు కదిపామా వదిలేశామా, వీటిని బట్టి అవే సరుకుల నుంచి వేరువేరు స్ఫటికాలు పుడతాయి. మీకు కావలసిన జియోలైట్-ఎ రావాలంటే: మూత ఉన్న స్టీలు డబ్బా, కలిపేటప్పుడు బాగా కలపండి, కానీ వేడి మొదలయ్యాక ముట్టుకోకండి, వేడి తొంభై డిగ్రీల దగ్గర, అంటే నీళ్లు మసలడానికి కాస్త ముందు, నాలుగు గంటలు. అంతే.

కళ్లకు అద్దాలు, చేతులకు తొడుగులు తప్పనిసరి.

శుభాకాంక్షలతో,
ప్రమీలాదేవి, శాస్త్రవేత్త

తా.క.: మీ సమితిలో సభ్యులు ఎంతమందో రాయలేదు. అందరికీ తొడుగులు పంపిద్దామని అడుగుతున్నాను.


సిద్దిపేట,
ఆదివారం.

తప్పు ఒప్పుకున్న మొదటి అధికారి ప్రమీలాదేవి గారికి,

మీ ఉత్తరం చదివి సగం శాంతించిన. మిగిలిన సగం ఎందుకు శాంతించలేనో వినుండ్రి.

తొంభై డిగ్రీలు. నాలుగు గంటలు. ముట్టుకోవద్దు. మేడమ్, గిది మీరు మీ ఇంట్ల చేసుకుంటే గిట్లనే చేస్తరా? పేదోనికి ఇచ్చేది ఏదైనా సగమే ఇస్తరని ఒక కరపత్రంల చదివిన. సగం రేషన్, సగం రోడ్డు, ఇప్పుడు సగం ఉడికిన విజ్ఞానం. నీళ్లు మసలకముందే ఆపుమంటున్నరంటే నాకు మతలబు సమజైంది. పూర్తి మంట పెద్ద కంపెనీలకు, సన్న సెగ సిద్దిపేటకు!

అందుకని పూర్తిగనే చేసిన. అమ్మ స్టీలు కుక్కర్ తీసుకున్న. కాస్టిక్ మీరు చెప్పినదానికి ఇంకో గ్లాసు ఎక్కువేసిన, తక్కువైతే మళ్ల మీరే అంటరు. షెడ్డుల ఊక పొయ్యి మీద పొద్దుగాల ఎక్కించి పొద్దుగూకేదాక దించలే. వచ్చిన పొడి చూస్తే మీ కండ్లు జిగేల్‌మంటయ్. మల్లెపువ్వు లెక్క తెలుపు. మా నాయినమ్మ రాములవ్వ కూడ ‘ఈడు చేసిన పనులల్ల గిదొక్కటే తెల్లగున్నది’ అన్నది.

గని బోరు నీళ్ల సీసల ఆ పొడి వేసి, సబ్బు ముక్క వేసి ఊపితే నురగ రాలే. పొడి వెయ్యని సీస ఎట్లున్నదో గది అట్లనే ఉన్నది. నాయిన రెండు సీసలను ఎండకు పెట్టి చూసిండు. లోపటికి పోయి సంచి జిప్పు పనిచేస్తుందా లేదా అని రెండు మాట్ల లాగి చూసిండు.

నమూనా పంపుతున్న. నురగ ఎందుకు రాలేదో చెప్పుండ్రి. తెలుపు మీద మాత్రం మాట రానియ్య.

సందేహాలతో,
చి. ఓంప్రకాశ్

తా.క. ఒకటి: సమితిల సభ్యుణ్ణి నేనొక్కణ్ణే. చేతులు రెండు.

తా.క. రెండు: కుక్కర్ విజిల్ ఊడి పక్కింటి రేకుల మీద వడ్డది. ‘పప్పు అయినట్టుంది’ అన్నరు వాళ్లు.


నాచారం,
గురువారం.

శ్రీ ఓంప్రకాశ్ గారికి,

మీ పొడి తెలుపు మీద నాకూ మాట లేదు. కానీ అది జియోలైట్-ఎ కాదు. సోడలైట్ అనే వేరే స్ఫటికం. శుభ్రమైన, అచ్చమైన సోడలైట్. మా విద్యార్థులకు కావాలని చేయమంటే ఇంత బాగా రాదు.

బెల్లం పాకం చూశారు కదా. బెల్లం, నీళ్లే. కాసేపటికి తీగ పాకం. ఇంకాసేపటికి ఉండ పాకం. ఇంకా ఉంచితే రాయి. ‘నేను రాయి వేయలేదు’ అని బెల్లం కొట్టు మీద కేసు పెట్టలేం. మీ కుక్కర్లో కూడా మీరు కోరిన జియోలైట్-ఎ పుట్టే ఉంటుంది, బహుశా మీరు మధ్యాహ్నం అన్నానికి కూర్చోకముందే. అది లేత స్ఫటికం. వేడి, కాస్టిక్ ఎక్కువయ్యేకొద్దీ నిలవలేక, బిగుసుకుపోయి సోడలైట్‌గా మారింది. మీరు కోరిన ఊరు దాటి పోయారు, అంతే.

రెండూ లోపల గదులు గదులుగా ఉండే కట్టడాలే. జియోలైట్-ఎ గదులకు కిటికీలు పెద్దవి, నీళ్లలోని సున్నం లోపలికి వెళ్లి కూర్చుంటుంది. సోడలైట్ కిటికీలు మరీ ఇరుకు, సున్నం దూరలేదు. అందుకే మీకు నురగ రాలేదు.

మీకు సగం ఇవ్వాలని నేను తొంభై అనలేదు. మా ల్యాబ్‌లో మేము చేసుకునేదీ తొంభై దగ్గరే. ఎక్కువ మంట ఎక్కువ న్యాయం కాదండీ.

ఈసారి చెప్పింది చెప్పినట్టు చేసి చూడండి. సంచి జిప్పు సంగతి చదివాక నాకూ తొందరగానే ఉంది.

మీ
ప్రమీలాదేవి

తా.క.: విజిల్ సంగతి చదివి మా ల్యాబ్‌లో అందరూ నవ్వారు. తర్వాత అందరూ ఒకేసారి మానేశారు. దయచేసి కుక్కర్ వద్దు.


సిద్దిపేట,
మంగళవారం.

ప్రమీలాదేవి గారికి,

ఈసారి విశేషణం పెడుతలే. పెడితే బాగుండదు.

సోడలైట్ నేను కొనలే, కలుపలే, దాని పేరు గూడ మీ ఉత్తరం వచ్చేదాక వినలే. నా పొట్లంల అది ఎట్లొచ్చింది? పాకం మాట మంచిగనే ఉన్నది గని, పాకం ముదిరితే నల్లగైతది. నాది తెల్లగనే ఉన్నది. అంటే ముదురలే. ముదురలేదంటే మారింది. మారిందంటే ఎవరో మార్చిన్రు!

తొవ్వల మార్చిన్రేమో అని పోస్టాఫీసుకు పోయి నిలదీసిన. కౌంటర్ల రాంచందర్ సారు శాంతంగ మీ ఉత్తరం అడిగి తీసుకొని, రెండు మాట్ల చదివి, కండ్లద్దాలు తీసి, ‘మంట తగ్గియ్యి కొడుకా’ అన్నడు. పొయ్యి మంటనా, ఇంకేదన్నానా అని అడిగితే ‘రెండూ’ అన్నడు. ఆయన గూడ మీ మనిషే అని నాకు తేలిపోయింది.

అయినా మీకు సాకు దొరకొద్దని మీరు చెప్పింది చెప్పినట్టు చేసిన. స్టీలు డబ్బా. కాస్టిక్ మీరన్నంతనే. షెడ్డుల రంగునీళ్ల వేడి చూసే థర్మామీటర్ పెట్టి తొంభై దాటనియ్యలే. నాలుగు గంటలకు దించిన. కలపలే. చేతులు కట్టుకొని కూసున్న, నా జన్మల ఫస్ట్ టైమ్. ఫలితం? మళ్ల నురగ సున్న!

ఇప్పుడు తప్పు నాదంటరా? మీ విధానమే తప్పని రుజువైంది. నాయినకు భివండిల పాత సేటు కబురు వెట్టిండు. వెంకటనర్సయ్య షెడ్డు తాళం చెవి జేబుల వేసుకొని తిరుగుతుండు, నడుస్తుంటే గలగల వినవడుతది. ఇగ నాకు ఒకటే తొవ్వ. వచ్చే సోమవారం మీ గేటు ముందర ధర్నా. బ్యానర్ రాసుడు అయిపోయింది. ఈ నమూనా సాక్ష్యంగ పంపుతున్న.

చి. ఓంప్రకాశ్
(అధ్యక్షుడు, కార్యదర్శి, బ్యానర్ పట్టుకునేటోడు)

తా.క.: నా తెలివి ఒక్కకాడ మాత్రం వాడిన. కిందటిసారి వచ్చిన తెల్లపొడిల కెల్లి రెండు చెంచాలు ఇందుట్ల తోడేసిన. నాయిన నీలిరంగు తొట్టిని ఎన్నడూ పూర్తిగ వంపడు, అడుగున పాత నీలి కొంచెం ఉంచుతడు, కొత్తది దాన్ని చూసి తయారైతదని. అమ్మ పాలకు తోడేస్తది. తోడులేంది ఏదీ కుదురదు. గిది మీ కరపత్రంల లేదు. మీకు ఫ్రీగ చెప్తున్న.


నాచారం,
శుక్రవారం.

శ్రీ ఓంప్రకాశ్ గారికి,

ఇకపై మీ ఉత్తరాలు తా.క. నుంచి పైకి చదువుతాను.

మీ మూడో నమూనా కూడా సోడలైటే. మీరు రాసిన వేడికి, మీరు రాసిన సమయానికి సోడలైట్ రాకూడదు. ల్యాబ్‌లో మేమంతా తల పట్టుకున్నాం. మా కుర్రాళ్లు ఒకరి మీద ఒకరు అరుచుకున్నారు. ఎక్స్-రే యంత్రం చెడిపోయిందని మెకానిక్‌కు కబురు చేశాం. ఆయన వచ్చి, యంత్రం విప్పి, బిగించి, బాగానే ఉందని చెప్పి వెళ్లాక, నేను టీ తాగుతూ మీ తా.క. చదివాను.

నాయనా, పుల్లటి పెరుగు తోడేసి, తియ్యటి పెరుగు రాలేదని పాలవాడి ఇంటి ముందు ధర్నా చేస్తానంటున్నారు మీరు. సోడలైట్ తోడేశారు, సోడలైట్ వచ్చింది.

అయితే ఒక మాట మనస్ఫూర్తిగా చెప్పాలి. మీ నాన్నగారి నీలి తొట్టి పద్ధతి ఇక్కడా పనిచేస్తుంది. మేమూ స్ఫటికాలకు తోడేస్తాం. కొత్త స్ఫటికం చాలాసార్లు ముందున్న స్ఫటికాన్ని చూసే ఒళ్లు కట్టుకుంటుంది. కరపత్రంలో అది రాయకపోవడం మా లోటు. మీ ఆలోచన సరైనది, తోడే తప్పు. అందుకే ఈ కవరులో చిటికెడు అసలైన జియోలైట్-ఎ పంపుతున్నాను. డబ్బాను పాత పొడి నలుసు లేకుండా తోమి, ఇది వేసి, మళ్లీ అవే కొలతలతో చేయండి.

సోమవారం ధర్నాకు నాకు అభ్యంతరం లేదు. కాకపోతే ఆరోజు నేను ఉండను. మీ జిల్లాలోనే, వర్గల్ సరస్వతి గుడిలో మా మనవడికి అక్షరాభ్యాసం.

మీ
ప్రమీలాదేవి

తా.క.: మా గేటు దగ్గర నీడ లేదు. టోపీ తెచ్చుకోండి.


సిద్దిపేట,
మంగళవారం.

గేటు ఇడిచి గుడికి పోయిన ప్రమీలాదేవి గారికి,

మీ ఉత్తరం, చిటికెడు పొడి అందినయ్. సోమవారం పొద్దుగాల డబ్బా తోమిన. ఇసుకతోని, చింతపండుతోని, అమ్మ గంజు తోమిన దానికంటె ఎక్కువ తోమిన. అన్నీ కలిపిన, మీ తోడేసిన, మూతపెట్టిన. పొయ్యి అంటుపెడదామని అగ్గిపెట్టె తీసిన.

అప్పుడే నాయిన ‘శుక్రవారం బస్సుకు పోతున్న’ అన్నడు. నోటితోని అన్నడు! సంచి మాట్లాడుడు ఆపి నాయిన మాట్లాడవట్టిండంటే ఇగ అయిపోయినట్టే. నాకు తిక్క లేసింది. ‘ఒక్క దినం ఆగరాదా’ అని నేను, ‘నువ్వు ఆగినవా ఎన్నడన్న’ అని ఆయన. అమ్మ మధ్యల వడ్డది. నేను డబ్బా అక్కడనే గుంజకాడ ఇడిచిపెట్టి, బ్యానర్ సంకల పెట్టుకొని హైదరాబాదు బస్సెక్కిన. ప్రకటించిన ధర్నా వాయిదా వేస్తే ఉద్యమం పరువు పోతదని గూడ ఒక దిక్కు ఉన్నది.

మీ గేటుకాడ ఏమైందో మీ వాచ్‌మన్ ఎల్లన్న చెప్పే ఉంటడు. నేను ‘సోడలైట్ డౌన్ డౌన్’ అని మొదలుపెట్టిన. దారినపోయే ఒకాయన ఆగి ‘సోడలైట్ ఏ పార్టీ తమ్మీ’ అని అడిగిండు. ఇంకొకామె నాకు పైసలియ్యబోయింది. ఎల్లన్న తన కుర్చీ తెచ్చి, తన గొడుగు పట్టి, ‘డిమాండ్ ఏంది బిడ్డా’ అన్నడు. చెప్పుదామని బ్యానర్ దిక్కు చూసిన మేడమ్. డిమాండ్ ఏమున్నది? మా నాయిన పోవద్దు, గంతే. అది మీ గేటుకాడ అడిగేది కాదని అక్కడ నిలవడ్డంక గని సమజుకాలే. మా జిల్లాల మీరు, మీ గేటుకాడ నేను. నవ్వస్తుందా? నాక్కూడ వాపసు బస్సుల కొంచెం వచ్చింది.

ఇంటికొచ్చేసరికి పొద్దుగూకింది. డబ్బా గుంజకాడనే ఉన్నది. అడుగున తెల్లగ పేరుకున్నది. పొయ్యి పెట్టందే కాగదు, కాగందే ఏమీ కాదు, నాకు ఎరుకే. అయినా కడిగి, ఎండవెట్టి, ఒక చిటికెడు పంపుతున్న. గిదే ఆఖరుది. పరీక్ష చేస్తే చెయ్యుండ్రి, లేకపోతే మీ చెట్ల మొదట్ల వెయ్యుండ్రి.

మీ మీద కోపం లేదు. ఉన్నదేమో గని, అలసిపోయింది.

ఓంప్రకాశ్

తా.క.: ఎల్లన్న చాయ్ మంచిగున్నది. ఇది మీ కార్యాలయానికి ప్రశంస కాదు. ఎల్లన్నకు.


నాచారం,
బుధవారం.

బాబూ ఓంప్రకాశ్,

ముందు ఈ ఒక్క వాక్యం చదువు, చదివి లేచి వెళ్లు: నాన్నగారిని బస్సు ఎక్కనివ్వద్దు.

వెళ్లి వచ్చావా? ఇప్పుడు మిగతాది. నీ నాలుగో నమూనా జియోలైట్-ఎ. సందేహం లేదు. మీగడంత శుభ్రంగా ఉంది. రెండుసార్లు చూశాం. నీ పొడి వేసిన మా బోరు నీళ్లలో సబ్బు ముక్క వేసి ఊపితే నురగ సీసా మూతి దాటి నా చీర మీద పడింది. ఊక బూడిదతో, ల్యాబ్ బయట చేసినదాంట్లో ఇంత మంచిది నేను చూడలేదు.

ఇప్పుడు నాకు ఒకటే నిద్రపట్టని సంగతి. పొయ్యి పెట్టలేదన్నావు. వేడి లేకుండా ఒక్క పూటలో ఇది పుట్టదు. ఎవరో, ఎక్కడో, దాన్ని సరిగ్గా కావలసినంత వేడిలో, సరిగ్గా కావలసినంతసేపు, కదపకుండా ఉంచారు. అది ఎవరు? ఎక్కడ? ఎంతసేపు? ఎవరైనా కలిపారా? కనుక్కుని రాయి. పరిస్థితులు తెలియకపోతే రెండోసారి చేయలేం, రెండోసారి చేయలేనిది అదృష్టం అవుతుంది గాని పద్ధతి కాదు.

ఆశతో, ఆత్రంతో,
ప్రమీలాదేవి

తా.క.: నీకు ఫోన్ మీద కోపం లేకపోతే ఈ ఉత్తరానికి బదులు ఒక్క కేక వేసేదాన్ని. స్పీడ్ పోస్ట్ వాళ్లను ఆపి ఉంచడానికి మా ఎల్లన్నను ముందే పంపాను. ‘ఎవరికి?’ అని అడిగాడు. చెప్పగానే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తాడు.


సిద్దిపేట,
ఆదివారం.

ప్రమీల పెద్దమ్మకు దండాలు.

మనవడు ఉన్నామెను మేడమ్ అనుడు నాకే మంచిగ అనిపియ్యలే. పెద్దమ్మ అంటే కోపమైతే రాయుండ్రి, మళ్ల మారుస్త.

మీ ఉత్తరం శుక్రవారం పగటీలి వచ్చింది. రాంచందర్ సారే సొంతంగ తెచ్చిచ్చిండు, ‘లోపట ఏమున్నదో గని నాకు గూడ చెప్పు’ అని అర్రల నిలవడ్డడు. నాయిన సంచి భుజానికేసుకొని చెప్పులేసుకుంటుండు. నేను మొదటి వాక్యం పెద్దగ చదివిన. నాయిన ఒక చెప్పుతోని అట్లనే నిలవడ్డడు. మిగిలిందంత చదివేసరికి రెండో చెప్పు వేసుకోలే, మొదటిది ఇప్పేసిండు.

తర్వాత విచారణ పెట్టిన. అమ్మ ‘నాకు తెల్వది’ అన్నది. నాయిన ‘నేను షెడ్డుల ఉన్న’ అన్నడు. ఇగ మిగిలింది మా నాయినమ్మ రాములవ్వ. వాకిట్ల చాట పట్టుకొని బియ్యం చెరుగుతున్నది.

‘అవ్వా, సోమవారం నా డబ్బా ముట్టినవా?’

‘ముట్టిన. ఏంది, జైలుకు పంపుతవా?’

‘ఏం చేసినవ్?’

‘నువ్వు పొంగుకుంట పోతివి. డబ్బాల ఏందో తెల్లగ గంజి లెక్కున్నది. మాపటికి వచ్చి సల్లగైందని మళ్ల ఇల్లు పీకి పందిరేస్తవని, ఎచ్చగ ఉంటదని నా తానం నీళ్ల కాగుల పెట్టిన. మూత ఇప్పలే కొడుకా, నీ సొమ్ము నేను తినలే.’

‘నీళ్లు మసలుతున్నయా?’

‘మసిలే నీళ్లు నేను ఎన్నడన్న పోసుకున్ననారా? సెగ మీద ఉంచుత. ఊక కొంచెం కొంచెం తోసుకుంట ఉన్న.’

‘ఎంతసేపు?’

‘పగటీలి సీరియళ్లు అన్నీ అయిపోయేదాక. అత్తను ఇంట్లకెళ్లి ఎల్లగొట్టినప్పుడు పెట్టిన, కోడలు ఏడ్చినప్పుడు తీసిన.’

‘మధ్యల కలియబెట్టినవా?’

‘మోకాళ్లు లేస్తలేవు, నీ గంజి ఎవడు కలుపుతడురా! తీసి ఎక్కడిది అక్కడ గుంజకాడ పెట్టిన, నువ్వు చూస్తే ఒర్రి లొల్లి చేస్తవని.’

పెద్దమ్మా, టీవీల ఆ సీరియళ్ల టైం చూసిన. లెక్కవెడితే అటీటుగ మీ నాలుగు గంటలే. ఇగ మీరడిగిన పరిస్థితులు ఇయ్యి: వేడి, మా నాయినమ్మ ఒంటికి పట్టేంత కంటె ఎక్కువ, మసిలేంత కంటె తక్కువ. టైం, అత్త ఎల్లిపోయిన కాడికెళ్లి కోడలు ఏడ్చేదాక. తోడు, మీది. కలియబెట్టుడు, లేదు. ఎందుకు లేదంటే, కలియబెట్టేటోడు మీ గేటుకాడ గొడుగు కింద చాయ్ తాగుతుండె.

తోడుకు చిటికెడు తీసిపెట్టంగ డబ్బాల మిగిలిన పొడి ఒక బకెట్టు నీళ్లకు సరిపోయింది. పొడి అడుగుకు దిగినంక మీది నీళ్లు వంపుకొని, నాయిన శనివారం రెండు చిలపలకు ఎర్రరంగు వేసిండు. వెంకటనర్సయ్య వాటిని ఎండల పట్టి ముందుకు తిప్పిండు, ఎనుకకు తిప్పిండు, కండ్లద్దాలు పెట్టుకొని తిప్పిండు, తీసి తిప్పిండు. మరక దొరకలే. జేబులకెళ్లి తాళం చెవి తీసి నాయిన చేతుల పెట్టి, ‘నడుస్తుంటే గుచ్చుకుంటుంది, నీ కాడనే ఉండనీ’ అన్నడు. నాయిన ఇంటికొచ్చి నిచ్చెనేసి సంచిని అటక మీద పెట్టిండు. లోపటిదాక, గోడకు తాకేదాక తోసిండు. మా ఇంట్ల గదే చెప్పుడు. నేను నిచ్చెన పట్టుకొని నిలవడ్డ. పైకి చూడలే. చూస్తే ఇద్దరికీ బాగుండకపోతుండె.

కథ గీడికి అయిపోతే మంచిగనే ఉంటుండె. గని పొద్దుగాల ఇంకో డబ్బా పెద్దది పెట్టినం, అదే కాగుల, అదే సెగ మీద. నేను ఇంట్లనే ఉన్న. ఊరికెనే కూసుందామనే అనుకున్న. అయితుందా లేదా అని ఒక్కపారి మూత తీసిన. సరిగ కనవడలేదని ఇంకొకపారి. ఒకదిక్కు చల్లవడ్డట్టు అనిపిస్తే ఊక రెండు దోసిళ్లు పొయ్యిల పడేసిన. బుడగలొచ్చినయ్. గంటె కూడ పెట్టిన, అబద్ధమెందుకు. పొడిల సగమే పనిచేసింది, నురగ సీస నడుముదాకనే వచ్చింది.

నాయిన సీసను చూసిండు, నన్ను చూసిండు, బ్యానర్‌ను చూసిండు.

ఇయ్యాల మా సమితికి రెండో సభ్యుడు చేరిండు, మా నాయిన. చేరంగనే తీర్మానం పెట్టిండు: షెడ్డుకు జియోలైట్ కాగవెట్టే ప్రతి సోమవారం సమితి అధ్యక్షుడు పొద్దుగాల బస్సుకు హైదరాబాదు పోయి, నాచారంల మీ గేటు ముందర ధర్నా చేసి, సీరియళ్లు అయిపోయినంక గని వాపసు రావొద్దు. రాములవ్వ బలపరిచింది. అమ్మ టిఫిన్ డబ్బా కడిగింది, తీర్మానం పాసైంది.

కాబట్టి పెద్దమ్మా, ఈ ఉత్తరం మీకు అందినంక వచ్చే సోమవారం నేను వస్తున్న. మీరు గుడికి పోయినా సరే, ఉన్నా సరే. ఎల్లన్నకు ముందుగ చెప్పి పెట్టుండ్రి.

ఎల్లకాలం మీ గేటుకు బాకీవడ్డ,
ఓంప్రకాశ్

తా.క.: చిన్న ఇబ్బంది ఒకటి. నా కాడ డిమాండ్లు అయిపోయినయ్. మీకేమన్న ఉంటే రాసి పెట్టుండ్రి, వాటి మీద ఒర్రుత.